బొటనవేలి దగ్గర దొరికిపోతాం

పోయిన వారం ఒకావిడ ఉత్తరం రాశారు. ఉత్తరమంటే ఈమెయిలే లెండి, పాత అలవాటు కొద్దీ ఉత్తరం అనేస్తాను. వాళ్లబ్బాయి ఎనిమిదో తరగతి. బొమ్మలు బాగా వేస్తాడట. నాలుగు బొమ్మలు ఫోన్లో ఫొటో తీసి జత చేశారు. "మొహాలు బాగానే కుదురుతున్నాయండీ. కానీ ఎక్కడో ఏదో లోటుగా ఉంది. అదేమిటో మాకు పట్టుబడటం లేదు. కాస్త చూసి చెప్తారా?" అని అడిగారు.

చూశాను. మొదటి బొమ్మలో ఒక క్రికెటర్. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో. రెండో బొమ్మలో వాళ్ల నానమ్మ కాబోలు, చేతులు కొంగు కింద. మూడోది వినాయకుడు. పాపం, ఆయనకి నాలుగు చేతులాయె! ఒక చేతికి ఉండ్రాళ్ల పళ్లెం అడ్డం, ఇంకో చేతికి పువ్వు అడ్డం, మిగిలిన రెండూ బొజ్జ వెనక్కి వెళ్లిపోయాయి. నాలుగో బొమ్మలో ఒక పిల్లవాడు గోడ వెనకనుంచి తొంగిచూస్తున్నాడు. గోడ అంచున కనిపించాల్సిన వేళ్లు లేవు.

పడీ పడీ నవ్వాను. ఆ అబ్బాయిని చూసి కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ఉన్న నన్ను చూసి.

1988లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీది గదిలో ఉండేవాణ్ని. ఒక వారపత్రికకి కథల బొమ్మలు వేసేవాణ్ని. మంగళవారం కథ చేతికొస్తే గురువారం సాయంత్రానికి బొమ్మ ఇచ్చెయ్యాలి. మొహాలు ఫరవాలేదు. చీర కుచ్చిళ్లు ఫరవాలేదు. కొబ్బరిచెట్లు, పెంకుటిళ్లు, రైలు స్టేషన్లు కళ్లు మూసుకుని వేసేవాణ్ని. చేతుల దగ్గరికొచ్చేసరికి చెమటలు పట్టేవి. అందుకని కొన్ని ఉపాయాలు కనిపెట్టాను. హీరో ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఆలోచిస్తుంటాడు. హీరోయిన్ గుమ్మం వెనక సగం కనిపిస్తుంది. తండ్రి పేపరు చదువుతుంటాడు, వేళ్లు పేపరు వెనక. తల్లి దేవుడి గది వైపు తిరిగి ఉంటుంది, మనకి వీపే. ఏ ఉపాయమూ దొరక్కపోతే బొమ్మని నడుము పైన కోసేసి "క్లోజప్" అనేవాణ్ని.

ఆర్నెల్లు ఎవరికీ తెలియలేదు. ఓ రోజు సబ్ ఎడిటర్ గారు నన్ను పిలిచి పాత సంచికలు బల్ల మీద వరసగా పరిచారు. పదకొండు కథలు, పదకొండు బొమ్మలు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, "ఏమయ్యా, మీ ఊళ్లో మనుషులకి చేతులుండవా?" అన్నారు.

ఆయన అంతటితో వదిలిపెట్టలేదు. సొరుగులోంచి ఒక కథ తీసి నా చేతిలో పెట్టారు. పెళ్లికూతురికి గాజులు తొడిగే సన్నివేశం ఉన్న కథ. "బొమ్మ దీనికే కావాలి. క్లోజప్ కావాలంటే చేతులకి తీసుకో" అన్నారు.

మూడు రాత్రులు కూర్చున్నాను. కథకి బొమ్మ వెయ్యడమంటే ముందు కథని రెండుసార్లు చదవాలి. మొదటిసారి పాఠకుడిలా, రెండోసారి దొంగలా. దొంగలా అంటే, ఇందులో నేను ఎత్తుకుపోదగ్గది ఏముంది అని వెతుక్కుంటూ. ముగింపు బొమ్మలో చెప్పెయ్యకూడదు, రచయితకి కోపమొస్తుంది. కథలో లేనిది వెయ్యకూడదు, పాఠకుడికి కోపమొస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సందులో దూరాలి. ఆ తర్వాత చిన్న కాగితాల మీద బొటనవేలంత రఫ్‌లు ఓ పది. అందులో ఒకటి బతుకుతుంది. దాన్ని పెద్దది చేసి డ్రాయింగ్ షీటు మీద పెన్సిల్‌తో వేసుకోవాలి. తర్వాత ఇంకు.

బొమ్మలేసే వాళ్లందరికీ తెలిసిన దుఃఖం ఒకటుంది. పెన్సిల్ రఫ్‌లో ఉన్న ప్రాణం ఇంకు పెట్టేసరికి ఎగిరిపోతుంది. రఫ్ గీసేటప్పుడు మనం వెతుకుతుంటాం, చెయ్యి వదులుగా ఉంటుంది. ఇంకు పెట్టేటప్పుడు ఉన్న గీత మీదే మళ్లీ గీస్తుంటాం. బొమ్మ మీద నుంచి దృష్టి పోయి, గీత తప్పుతుందేమోనన్న భయం మీదకి వెళ్తుంది. భయపడుతూ గీసిన గీత ఇట్టే తెలిసిపోతుంది. అంచులు వణుకుతాయి. ఆ మూడు రాత్రులూ నాకు జరిగింది అదే. పైగా రఫ్‌లోనే ప్రాణం అంతంత మాత్రం. చివరికి పెళ్లికూతురి చెయ్యి ఓ బెండకాయల కట్టలాగా తయారైంది. గురువారం సాయంత్రం అలాగే ఇచ్చేశాను. వాళ్లూ అలాగే అచ్చేశారు.

రెండు వారాల తర్వాత ఒక కార్డు వచ్చింది. మూడు తరాలుగా గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగిన ఇంటి ఆడపడుచు రాసింది. కోపం లేదు, వెక్కిరింపు లేదు. "గాజు తొడిగేటప్పుడు పిల్ల చెయ్యి మీరు వేసినట్టు అలా చాచి ఉండదండీ. బొటనవేలు అరచేతిలోకి ముడుస్తుంది. మేము మెటికల దగ్గర అన్ని వైపులా మెత్తగా నొక్కి చేతిని సన్నం చేస్తాం. అప్పుడే గాజు దిగుతుంది. లేకపోతే గాజైనా పగులుతుంది, పిల్లయినా ఏడుస్తుంది" అన్న అర్థంతో నాలుగు ముక్కలు.

ఆ కార్డు చదివి నేను చేసిన పని చెప్తే మీరు నమ్మరు. నా బొటనవేలిని అరచేతిలోకి ముడిచి చూసుకున్నాను. ఇరవై రెండేళ్లుగా నా మణికట్టుకి వేలాడుతున్న చెయ్యే. అలా ముడిస్తే దాని ఆకారం ఏమవుతుందో అప్పటిదాకా ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ శనివారం ప్యాసింజర్ ఎక్కి తెనాలి వెళ్లాను. సంచీలో ఆ పత్రిక ఉంది.

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. ఇప్పటి పిల్లలకి ఆ మాట తెలియదు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ కేసులోంచి ఏరి, ఎడమచేతిలోని స్టిక్కులో పేర్చి, వాక్యం చేసేవాళ్లు. ఇంగ్లీషుకి ఇరవై ఆరు అక్షరాలు, వాటి పెద్దవీ చిన్నవీ చాలు. తెలుగుకి గుణింతాలు, వత్తులు కలిపి వందల గళ్లు. ఏ గడిలో ఏముందో మా నాన్న కుడిచేతికి తెలుసు. కళ్లు రాతప్రతి మీద ఉంటే చెయ్యి దాని మానాన అది వెళ్లి అక్షరం తెచ్చేది. వేసవి సెలవుల్లో అచ్చయిపోయిన అక్షరాలు మళ్లీ గళ్లలో వేసే పని నాది. అలా ప్రెస్సులో తిరిగే నాకు బొమ్మల మీద మోజు పుట్టింది. బల్ల మీద జింకు బ్లాకులు ఉండేవి, చెక్కకి బిగించినవి. వేలితో తడిమితే బొమ్మ చేతికి తగిలేది.

నేను బొమ్మలు వెయ్యడం మాత్రం మా నాన్నకి సుతరామూ ఇష్టం లేదు. ఆయన కారణం ఆయనకుంది. బొమ్మలాయన డబ్బుల కోసం ప్రెస్సు వరండాలో బెంచీ మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని, టీ తాగి వెళ్లిపోవడం ఎన్నోసార్లు చూశాడు. "ఆ బెంచీ మీద నిన్ను చూడలేనురా" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట అనేవాడు కాదు. నా బొమ్మలు చూడమంటే చూసేవాడు కాదు.

ఆ రోజు పత్రిక ఆయన మంచం మీద పెట్టాను. గాజుల బొమ్మ పేజీ తెరిచి పెట్టాను. చాలాసేపటికి తీసుకున్నాడు. తీసుకుని తలకిందులుగా తిప్పాడు. అలాగే పట్టుకుని చూశాడు. తర్వాత అన్నాడు:

"ఇది చెయ్యి బొమ్మ కాదురా. 'చెయ్యి' అని అక్షరాలతో రాసినట్టుంది."

తలకిందులుగా ఎందుకు చూశావని అడిగాను. నాకు బొమ్మల గురించి ఎవరైనా పాఠం చెప్పారంటే ఆ పది నిమిషాలే. అక్షరాలు సీసంలో అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటాయి. స్టిక్కులో వరస తలకిందులుగా పేరుస్తారు. కంపోజిటరు అలా తలకిందులుగానే చదువుతాడు. కొత్తలో అది కష్టం. తర్వాత అదే లాభం అన్నాడు మా నాన్న. "తిన్నగా చదివితే మాట చదువుతాం. 'కథ'లో థ పొట్టలో చుక్క లేకపోయినా కళ్లు 'కథ' అనే చదివేసి ముందుకెళ్తాయి. తిరగేస్తే మాట పోతుంది, ఆకారం మిగులుతుంది. చుక్క లేదని అప్పుడు తెలుస్తుంది. నువ్వు చేతిని చూళ్లేదు. చదివేశావు."

ఈ సంగతే పుస్తకాల్లో ఉందని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. బెట్టీ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ టీచరు 1979లో బొమ్మలు నేర్పే పుస్తకం ఒకటి రాశారు. ప్రపంచమంతా చదివిన పుస్తకం. అందులో ఒక అభ్యాసం ఉంది. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ కుర్చీలో కూర్చుని ఉండగా పికాసో 1920లో గీసిన రేఖాచిత్రాన్ని తలకిందులుగా పెట్టి, అలాగే చూస్తూ కాపీ చెయ్యమంటారు. బొమ్మలు రావనుకునే వాళ్లు కూడా తిన్నగా పెట్టి వేసిన దానికంటే అలా బాగా వేస్తారు. ఎందుకంటే అప్పుడు ముక్కు అనీ, కన్ను అనీ, వేలు అనీ పేర్లు గుర్తురావు. ఈ గీత ఇటు వంగింది, ఆ ఖాళీ ఇంత ఉంది అనే కనిపిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది గానీ, తెనాలి ప్రెస్సులో పాతిక వాట్ల బల్బు కింద అదే పద్ధతి నడుస్తోందని ఆవిడకి ఎవరు చెప్తారు?

చేతులు కష్టం కావడానికి ఒక కారణం వాటి తయారీలోనే ఉంది. ఒక్క చేతిలో ఇరవై ఏడు ఎముకలు. వేళ్లని కదిపే కండరాల్లో చాలావరకు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. తోలుబొమ్మని ఆడించినట్టు అక్కణ్నుంచి లాగుతుంటాయి. బొటనవేలు మిగతా నాలుగింటి వరసలో ఉండదు, పక్కకి తిరిగి ఉంటుంది. బల్ల మీద చెయ్యి మామూలుగా వాల్చి చూడండి. నాలుగు గోళ్లు ఆకాశం చూస్తుంటే ఐదోది పక్కకి చూస్తుంటుంది. పిల్లలు ఐదు గోళ్లూ ఒకవైపే వేస్తారు. నేనూ అలాగే వేశాను. బొమ్మలు వేసేవాడు ఎక్కడ దొరికిపోతాడని అడిగితే, బొటనవేలి దగ్గర అంటాను.

రెండో కారణం మా నాన్న చెప్పిందే. చేతుల గురించి మనకి తెలుసనుకోవడం. ఒంటె బొమ్మ వెయ్యమంటే ఒంటెను చూసి వేస్తాం. చెయ్యి వెయ్యమంటే చూడం. ఐదు వేళ్లుంటాయని తెలుసు కదా, వేసేస్తాం. తెలిసిందే కళ్లకి అడ్డం నిలబడుతుంది.

ఆ తర్వాత నాలుగైదేళ్లు నా జేబులో చిన్న నోట్‌బుక్ లేకుండా బయటికి వెళ్లలేదు. బస్టాండులో కూర్చుని చేతులు వేసేవాణ్ని. కండక్టరు నోట్లని నిలువునా మడిచి వేళ్ల సందుల్లో దూర్చుకుని, ఆ చేత్తోనే టిక్కెట్టు చింపేవాడు. కిళ్లీకొట్టు ఆయన తమలపాకు మీద సున్నం రాసే వేలు, వక్క వేసే వేలు వేరువేరు. మల్లెపూలు కట్టే ఆవిడ ఎడమచేతి వేళ్ల మీద దారం ఎలా చుట్టుకుంటుందో పట్టుకోవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఆవిడ చివరికి, "పూలు కొనేదుంటే కొను నాయనా, లేకపోతే నేర్పుతా కూర్చో" అంది. కొన్నాను, నేర్చుకున్నాను కూడా. ముడి వెయ్యడం చేతికొచ్చాక బొమ్మ కూడా వచ్చింది.

అప్పుడు తెలిసింది ఒకటే. చెయ్యి ఊరికే ఉండదు. ఏదో పనిలో ఉంటుంది. పనిలో లేనప్పుడు పని చేసి అలిసి ఉంటుంది. ఆ పనేమిటో తెలిస్తే సగం బొమ్మ వచ్చినట్టే.

పెద్దవాళ్ల బొమ్మలు చూడటం కూడా అప్పటినుంచే మొదలైంది. అంతకుముందు చూశాననుకున్నాను, చదివేశానంతే. చందమామలో శంకర్ గారి విక్రమార్కుణ్ని మనమందరం చిన్నప్పుడు చూసినవాళ్లమే. ఒక చేతిలో కత్తి, భుజం మీద శవం. ఆ కత్తి పట్టుకున్న పిడికిలిని ఓసారి చూడండి. అది యుద్ధానికి వెళ్తున్న పిడికిలి కాదు. రాత్రంతా నడవాల్సిన వాడి పిడికిలి. బాపు గారి బొమ్మల్లో వేళ్లకి గీతలు లెక్కపెట్టండి. ఒక్క గీత ఎక్కువ దొరకదు. గోరు వెయ్యని చోట కూడా గోరు కనిపిస్తుంది. నాసిరకం కాగితం మీద లైన్ బ్లాకుతో అచ్చయ్యే రోజుల్లో సన్నటి నీడలు వేస్తే మసిగా అలుక్కుపోయేవి. గీతే దిక్కు. ఆ ఇబ్బందిని ఆయన అందం చేసుకున్నాడు.

ఇక ప్రపంచంలో అందరికీ తెలిసిన చేతులు ఉన్నాయి. ప్రార్థనకి జోడించిన రెండు చేతులు. క్యాలెండర్ల మీద, గ్రీటింగు కార్డుల మీద మీరూ చూసే ఉంటారు. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1508లో నీలం కాగితం మీద వేసిన బొమ్మ అది. నిజానికి అది బొమ్మ కూడా కాదు, అభ్యాసం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక చర్చి కోసం పెద్ద వర్ణచిత్రం వేస్తూ, అందులో ఒక అపోస్తలుడి చేతుల కోసం ముందుగా వేసి చూసుకున్నాడు. ఆ పెద్ద చిత్రం 1729లో అగ్నికి ఆహుతైపోయింది. ప్రాక్టీసు కాగితం మాత్రం వియన్నాలోని అల్బెర్టినా మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. రఫ్‌లు పారెయ్యకండి అని నేను పిల్లలకి చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఈమధ్య కంప్యూటరు దానంతటదే బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది కదా. కొత్తలో, అంటే 2022, 2023 ప్రాంతాల్లో, అది వేసిన బొమ్మలు చూసి నాకు దాని మీద జాలేసింది. మొహాలు దివ్యంగా ఉండేవి. చేతికొచ్చేసరికి ఆరో వేలు మొలిచేది, లేదా రెండు వేళ్లు కలిసిపోయేవి. అచ్చం మన బాపతే! ఇప్పుడు చాలావరకు సర్దుకుంది. కోట్ల ఫొటోలు మింగితే ఎవరికైనా సర్దుకుంటుంది. నాకు దానితో పేచీ లేదు. కాకపోతే మల్లెపూలావిడ దాన్ని కూర్చోమనలేదు.

ఇదంతా చెప్పి అసలు సంగతి చెప్పకపోతే తప్పవుతుంది.

2012లో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. గుంటూరులో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచి తెనాలి తీసుకొచ్చాం. నేను పని మానేసి నెలన్నర అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం పూట అమ్మ కాసేపు నడుం వాలిస్తే, వసారాలో ఆయన మంచం పక్కన నేను కూర్చునేవాణ్ని. ఇద్దరికీ మాటల్లేవు. ఆయనకి రాక, నాకు దొరక్క.

చేతులు ఊరుకోక నోట్‌బుక్ తీశాను. దుప్పటి మీద ఆయన కుడిచెయ్యి. వందల గళ్లలోంచి అక్షరాలు ఏరిన చెయ్యి. ప్రెస్సు మూతబడి ఇరవై ఏళ్లవుతున్నా గోళ్ల మొదట్లో నలుపు ఇంకా ఉన్నట్టే అనిపించేది నాకు. వెయ్యడం మొదలుపెట్టాక నాకే సిగ్గేసింది. అంత కదలకుండా ఉండే మోడలు ఏ చిత్రకారుడికి దొరుకుతాడు? ఆ మాట మనసులోకి వచ్చినందుకు పెన్సిల్ పారేద్దామనుకున్నాను. పారెయ్యలేదు. వేస్తున్నంతసేపూ ఆయన్ని చూస్తున్నానన్నది ఒక్కటే నాకు నేను చెప్పుకున్న సమాధానం. వెయ్యకపోతే ఆ చేతిని చూడకుండా గోడ వైపు చూస్తుండేవాణ్ని.

నాలుగో రోజో ఐదో రోజో, బొమ్మ పూర్తయ్యాక తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. ఎడమచెయ్యి చాపాడు. నోట్‌బుక్ ఇచ్చాను. పొట్ట మీద పెట్టుకుని, ఒంటిచేత్తో అవస్థ పడి, నిదానంగా తలకిందులుగా తిప్పాడు.

చాలాసేపు చూశాడు. తర్వాత చూపుడువేలు తెచ్చి బొమ్మలో బొటనవేలి మీద పెట్టాడు. రెండుసార్లు కొట్టాడు. ప్రూఫులో తప్పు దొరికితే కొట్టినట్టు.

ఏముందా అని చూశాను. బొమ్మలో బొటనవేలు తిన్నగా, బలంగా, మామూలుగా ఉంది. అక్షరం ఒడిసిపట్టే బొటనవేలు. దుప్పటి మీద ఉన్నది అలా లేదు. జబ్బు చేశాక అది అరచేతిలోకి ముడుచుకుపోయింది. గాజులు తొడిగించుకునే పెళ్లికూతురికి ముడుచుకున్నట్టే. ఐదు రోజులుగా దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా చేతులు వేస్తున్నాను. అయినా నేను వేసింది ఉన్న చేతిని కాదు, నాకు తెలిసిన చేతిని. లేదా, నాకు కావలసిన చేతిని.

రబ్బరు తియ్యబోయాను. ఆయన వద్దన్నట్టు తల ఆడించి, పేజీ తిప్పి, నోట్‌బుక్ నా వైపు తోశాడు. తర్వాత ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, దుప్పటి మీద కాస్త వెలుతురు పడే చోట పెట్టాడు.

మళ్లీ వేశాను. ఉన్నది ఉన్నట్టుగా వెయ్యడానికి ఎంత ఓర్చుకోవాలో ఆ మధ్యాహ్నం తెలిసింది. నా బొమ్మ చూడమంటే చూడని మనిషి, ఆఖర్న నా దగ్గర కూర్చోబెట్టి ప్రూఫు దిద్దించాడు. మరుసటి ఏడాది ఆయన పోయాడు. ఆ రెండు పేజీలూ నా దగ్గరే ఉన్నాయి. తప్పు బొమ్మనీ చింపలేదు.

ఇక ఎనిమిదో తరగతి అబ్బాయికి నా జవాబు. బాబూ, నీ బొమ్మల్లో లోపమేమీ లేదు. చేతులు దాచావు, అంతే. మీ నానమ్మగారి మొహం అంత బాగా వేసినవాడికి చేతులు రాకపోవు. ఈ ఆదివారం మూడు పనులు చెయ్యి. ఒకటి, నీ ఎడమచేత్తో ఒక గ్లాసు పట్టుకుని బల్ల మీద పెట్టుకో. చేతి అంచు వెంబడి కళ్లని చీమలాగా నడిపిస్తూ, కాగితం వైపు చూడకుండా పెన్సిల్ నడిపించు. ఐదు నిమిషాలు. ఘోరంగా వస్తుంది. పారెయ్యకు. రెండు, అదే చేతిని ఈసారి కాగితం చూస్తూ వెయ్యి. వేళ్లని కాదు, వేళ్ల మధ్య ఉన్న ఖాళీలని వెయ్యి. పూర్తయ్యాక తలకిందులుగా తిప్పి చూసుకో. ఎక్కడ తప్పిందో అదే చెప్తుంది. బొటనవేలి దగ్గర ముందు చూడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మీ నానమ్మగారిని కొంగు కింద నుంచి చేతులు తియ్యమను. బియ్యం ఏరుతున్నప్పుడో, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడో ఆవిడ పక్కన కూర్చుని వెయ్యి. కుదరకపోయినా ఫరవాలేదు. ఆవిడకి చూపించు. ఎక్కడ తప్పుందో ఆవిడే చెప్తుంది.

ఆ బొమ్మ నాకూ పంపించు. కుదిరిందా లేదా అన్నది మనం తర్వాత మాట్లాడుకుందాం.